నార్వే ఫ్యోర్డుల్లోకి క్రూయిజులు బంద్ అంటున్నారు, అసలు రూల్ ఏం చెప్తోంది?

"2026 నుంచి నార్వే ఫ్యోర్డుల్లోకి క్రూయిజ్ షిప్పుల్ని రానివ్వరంట కదా, మరి మేం సౌతాంప్టన్ నుంచి బుక్ చేసుకున్న టికెట్ సంగతేంటి?" యూకేలోనో జర్మనీలోనో ఉండే మనవాళ్లు వేసవి ట్రిప్పు ప్లాన్ చేసుకునేటప్పుడు ఈ మాట ఎక్కడో ఒకచోట వస్తుంది. ఒకరు అలా అడగ్గానే ఇంకొకరొచ్చి కాదు కాదు 2032 నుంచి అంటారు, మూడో మనిషి వచ్చి బంద్ ఏం లేదు టూరిస్ట్ టాక్స్ పెట్టారంతే అంటారు. తమాషా ఏంటంటే ముగ్గురు చెప్పిందాంట్లోనూ కొంత నిజం ఉంది, కాకపోతే మూడు వేర్వేరు విషయాల్ని ఒకే గిన్నెలో కలిపేసరికి ఎవరికీ ఏదీ అర్థం కాకుండా పోయింది.

ఇవి విడదీసి చూడాలంటే ముందు ఆ చోటు ఎలా ఉంటుందో, అక్కడ ఎవరు బతుకుతున్నారో తెలియాలి. ఎందుకంటే ఈ గొడవ మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ఫ్యోర్డ్ చూడ్డానికి ఫ్రీనే, మరి దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది?

ఫ్యోర్డ్ అంటే ఏంటి, అందులో పొగ ఎందుకు ఆగిపోతుంది

ఫోటోలు చూస్తే మనకి ఠక్కున పాపికొండలు గుర్తొస్తాయి, రెండు పక్కలా కొండలు మధ్యలో నీళ్లు అందులో లాంచీ. కానీ పాపికొండల మధ్య ఉన్నది గోదావరి, పారే నది. ఫ్యోర్డ్‌లో ఉన్నది సముద్రం, ఉప్పు నీళ్లు, ఆటుపోట్లు కూడా ఉంటాయి. మంచుయుగాల్లో పాత నదీలోయల మీద కిలోమీటర్ల మందాన హిమానీనదాలు పేరుకుని, వాటి బరువుకి కింద రాయిని అరగదీసుకుంటూ సముద్రమట్టం కంటే చాలా కిందకి తవ్వేశాయి, తర్వాత మంచు కరిగి వెనక్కి పోయాక ఆ గుంతలోకి సముద్రం వచ్చేసింది. సముద్రం దగ్గరికొచ్చేసరికి మంచు పలచబడి తవ్వే బలం తగ్గిపోతుంది కాబట్టి ఫ్యోర్డ్ మొదట్లో నీటి కింద ఒక గడపలాగా మిగిలిపోతుంది. నార్వేలో అన్నిటికన్నా పెద్దదైన సోగ్నెఫ్యోర్డ్ 200 కిలోమీటర్లకి పైగా పొడవు, లోపల 1,300 మీటర్ల లోతు, కానీ సముద్రంలో కలిసే చోట లోతు రెండు వందల మీటర్లు కూడా ఉండదు.

ఇప్పుడు గొడవంతా ఉన్న గైరాంగర్‌ఫ్యోర్డ్ దానిముందు చాలా చిన్నది, 15 కిలోమీటర్లే. కానీ ఇరుకు. ఓలెసున్ అనే పట్నం దగ్గర సముద్రం నుంచి లోపలికి బయల్దేరితే ఒక ఫ్యోర్డ్‌లోంచి ఇంకో ఫ్యోర్డ్‌లోకి మలుపులు తిరుగుతూ దాదాపు వంద కిలోమీటర్లు పోయాక చివర్లో ఇది తగుల్తుంది. రెండు పక్కలా ఎత్తైన కొండలు, గోడల్లా నిటారుగా. దీన్నీ దక్షిణాన ఉన్న నేరోయ్‌ఫ్యోర్డ్‌నీ కలిపి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టారు. నేరోయ్‌ఫ్యోర్డ్ ఇంకా ఇరుకు, బాగా సన్నబడ్డ చోట వెడల్పు 250 మీటర్లే.

ఈ ఆకారం వల్లే పొగ సమస్య. మామూలుగా నేల దగ్గర గాలి వెచ్చగా ఉండి పైకి పోతుంది, దాంతోపాటు పొగా పోతుంది. ఇలాంటి లోతైన లోయల్లో గాలి కదలని రోజున చల్లగాలి కింద ఉండిపోయి పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది, అప్పుడు షిప్పు గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోలేక కొండ నడుం దగ్గర నీలంగా ఒక పొరలా పరుచుకుని ఉండిపోతుంది. నాలుగు షిప్పులు ఒకేరోజు వస్తే ఇక చూడండి. నార్వే మారిటైమ్ అథారిటీ 2017లో ఇచ్చిన రిపోర్టు కూడా ఈ ఫ్యోర్డుల్లో గాలి ఆరోగ్యానికి హాని చేసే స్థాయికి పోవచ్చని చెప్పింది, అక్కణ్ణుంచే అసలు కథ మొదలైంది.

రెండొందల యాభై మంది ఊరు, మూడు వేల మంది షిప్పు

గైరాంగర్ ఊళ్లో ఏడాది పొడుగునా ఉండేది అటూఇటూగా 250 మంది. వేసవిలో వచ్చేది లక్షల్లో. ఉదాహరణకి మూడు వేల మంది ఉన్న షిప్పు ఒకటి పొద్దున్నే వచ్చి లంగరేసింది అనుకుందాం, అంటే ఊళ్లో ఒక్కో మనిషికి పన్నెండు మంది చుట్టాలు ఒకేసారి దిగినట్టు. పెద్ద షిప్పులు కట్టేసేంత రేవు కూడా అక్కడ లేదు, ఫ్యోర్డ్ మధ్యలో లంగరేసుకుని చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు, లేదంటే సీవాక్ అని నీళ్ల మీద తేలే ఒక మడత వంతెన ఉంది, షిప్పు రాగానే అది ఒడ్డు నుంచి తెరుచుకుని షిప్పు తలుపు దాకా పోతుంది, జనం నడిచి వచ్చేస్తారు.

వచ్చినవాళ్లలో చాలామంది మధ్యాహ్నం భోజనానికి మళ్లీ షిప్పులోకే పోతారు, అక్కడ ఎలాగూ డబ్బు కట్టేశారు కదా. బస్సెక్కి కొండమీదకి పోయి ఫోటో దిగి, ఒక ఫ్రిజ్ మాగ్నెట్ కొనుక్కుని, టాయిలెట్ వాడుకుని పోతారు. బస్సు నడిపేవాళ్లకీ కొట్టువాళ్లకీ ఆదాయం ఉంది, కాదనలేం. కానీ టాయిలెట్, కాలిబాట, చెత్త, పార్కింగ్, అంబులెన్సు, ఇవన్నీ మునిసిపాలిటీ ఖర్చు, అంటే అక్కడ ఇన్‌కమ్ టాక్స్ కట్టే కొద్దిమంది ఖర్చు.

గైరాంగర్ స్ట్రాండా అనే మునిసిపాలిటీ కిందకి వస్తుంది, మొత్తం జనాభా సుమారు 4,500. ఈ స్ట్రాండాలో ఇంకో విశేషం ఉంది, నార్వేలో ఇంటింటా ఫ్రీజర్లో కనిపించే గ్రాండియోసా ఫ్రోజెన్ పిజ్జా 1980 నుంచీ తయారయ్యేది ఇక్కడే. ఫ్యోర్డ్ ప్రాంతం అంటే టూరిజం తప్ప ఇంకేం లేదనుకుంటాం కానీ ఆ చుట్టుపక్కల ఫర్నిచర్ ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు, చేపల పెంపకం, అన్నీ ఉన్నాయి. అందుకే ఊరి మొత్తం ఒకే మాట మీద ఉంటుందనుకోవడం పొరపాటు, పిజ్జా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకీ గైరాంగర్‌లో హోటల్ నడిపేవాళ్లకీ క్రూయిజుల మీద ఒకే అభిప్రాయం ఎందుకుంటుంది?

రూల్ ఏంటి: 2026 ఎవరికి, 2032 ఎవరికి

వరస ఇదీ. 2018 మేలో నార్వే పార్లమెంట్ ఒక తీర్మానం చేసింది, వారసత్వ ఫ్యోర్డుల్లో తిరిగే టూరిస్ట్ షిప్పులూ ఫెర్రీలూ టెక్నాలజీ కుదిరిన వెంటనే, ఎంత లేటయినా 2026 లోపు జీరో ఎమిషన్‌కి మారాలి అని. దానికి ముందు మెట్టుగా 2019లో కొన్ని రూల్స్ వచ్చాయి, ఇంధనంలో గంధకం తగ్గించాలి, నైట్రోజన్ ఆక్సైడ్లకి విడతలవారీగా హద్దులు, మురుగునీరు ఫ్యోర్డ్‌లో వదలకూడదు, ఇలాంటివి. ఇవి ఇప్పటికే నడుస్తున్నాయి, పెద్ద షిప్పులకీ వర్తిస్తాయి. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

తర్వాత గడువు దగ్గరపడేకొద్దీ పెద్ద షిప్పులకి టెక్నాలజీ తయారుగా లేదని గవర్నమెంట్ గడువుని రెండుగా చీల్చింది. 10,000 గ్రాస్ టన్నేజ్ లోపు ఉన్న ప్యాసింజర్ షిప్పులకి 2026 జనవరి 1 నుంచి, ఆపైన ఉన్నవాటికి 2032 జనవరి 1 నుంచి. వర్తించేది అన్ని ఫ్యోర్డులకీ కాదు, ఐదింటికే: నేరోయ్‌ఫ్యోర్డ్, ఔర్లాండ్స్‌ఫ్యోర్డ్, గైరాంగర్‌ఫ్యోర్డ్, సున్నూల్వ్స్‌ఫ్యోర్డ్, టాఫ్యోర్డ్. నార్వేలో ఫ్యోర్డులు వెయ్యికి పైనే ఉన్నాయి, మిగతావాటికి ఈ రూల్‌తో సంబంధం లేదు.

గ్రాస్ టన్నేజ్ అనగానే బరువు అనుకుంటారు, అది షిప్పు లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. సైట్‌సీయింగ్ బోట్లు, రోడ్డు ఫెర్రీలు, వందా రెండొందల మందిని తీసుకెళ్లే చిన్న ఎక్స్‌పెడిషన్ షిప్పులు పదివేల లోపు వస్తాయి. మనవాళ్లు బుక్ చేసుకునే స్విమ్మింగ్ పూలూ థియేటరూ ఉన్న షిప్పులు పదివేలకి చాలా పైన, చాలావరకు లక్ష దాటి కూడా ఉంటాయి. అంటే సౌతాంప్టన్ టికెట్‌కి 2026 గడువు తగలదు, దానికున్నది 2032.

జీరో అంటే ఏంటో కూడా చూడాలి. ఫ్యోర్డ్ లోపల ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్, మీథేన్ నేరుగా బయటికి రాని ఇంధనం వాడాలి. బ్యాటరీ, హైడ్రోజన్ ఇవన్నీ సరే. దీంతోపాటు బయోగ్యాస్‌కి కూడా ఒప్పుకున్నారు, ఇక్కడే చాలామందికి చిక్కుముడి. బయోగ్యాస్ అంటే పేడ, చేపల వ్యర్థాలు, వంటింటి చెత్త కుళ్లబెట్టి తీసిన మీథేనే, అది కాలిస్తే గొట్టంలోంచి కార్బన్ డయాక్సైడ్ రాక మానదు. కాకపోతే ఆ కార్బన్ మొన్నమొన్నటిదాకా గాల్లోంచి మొక్కలు తీసుకున్నదే కదా, భూమిలోంచి కొత్తగా తవ్వి తీసింది కాదు కదా అనేది వాదన. కాగితం మీద జీరో, గొట్టం దగ్గర జీరో కాదు. ఇది మోసం అనేవాళ్లూ ఉన్నారు, మధ్యదారి అనేవాళ్లూ ఉన్నారు.

చిన్నవాటికి ముందు, పెద్దవాటికి తర్వాత: తలకిందులు కదా?

పొగ ఎక్కువ వదిలేది పెద్దది, మరి గడువు ముందు చిన్నదానికా అని ఎవరైనా అడుగుతారు. దీనికి జవాబు బ్యాటరీ లెక్కలో ఉంది.

ఎలక్ట్రిక్ ఫెర్రీ అనేది నార్వేలో కొత్త విషయం కాదు. 2015లోనే ఆంపేర్ అనే కార్ల ఫెర్రీ సోగ్నెఫ్యోర్డ్ మీద లావిక్, ఓప్పెడాల్ అనే రెండు రేవుల మధ్య మొదలైంది, 120 కార్లు పడతాయి, దాటడానికి ఇరవై నిమిషాలు, అటువైపు ఆగిన పది నిమిషాల్లో చార్జింగ్. నార్వేలో కరెంటు దాదాపు తొంభై శాతం జలవిద్యుత్తే, కరెంటుకి కొరత లేదు. కానీ ఆ పల్లె రేవుకి వచ్చే లైను చిన్నది, పది నిమిషాల్లో అంత కరెంటు ఒక్కసారి లాగితే ఊళ్లో లైట్లు మిణుకుమిణుకుమంటాయి. అందుకే ఒడ్డున కూడా బ్యాటరీలు పెట్టారు, అవి రోజంతా లైను నుంచి నెమ్మదిగా నింపుకుంటాయి, ఫెర్రీ రాగానే ఒక్కసారి దానికి పోసేస్తాయి.

నేరోయ్‌ఫ్యోర్డ్‌లో ఇదే పద్ధతి ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. ఫ్లోమ్ నుంచి గుడ్‌వాంగెన్ దాకా తిరిగే ఫ్యూచర్ ఆఫ్ ద ఫ్యోర్డ్స్ అనే కార్బన్ ఫైబర్ బోటు 2018లో వచ్చింది, 42 మీటర్ల పొడవు, 1.8 మెగావాట్-అవర్ బ్యాటరీ, అంటే మన కరెంటు బిల్లు లెక్కలో 1,800 యూనిట్లు. గుడ్‌వాంగెన్‌లో దానికోసం నీళ్ల మీద తేలే చార్జింగ్ డాక్ ఒకటి కట్టారు, దాని కడుపులో 2.4 మెగావాట్-అవర్ బ్యాటరీ. బోటు కంటే రేవుకి పెద్ద బ్యాటరీ అన్నమాట. ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది.

ఇప్పుడు పెద్ద షిప్పు సంగతి చూద్దాం. లంగరేసుకుని కదలకుండా ఉన్నా వంటిళ్లు, ఏసీలు, లైట్లు, లిఫ్టులు నడవాలి కదా, ఇదొక తేలే ఊరు. దానికి ఎప్పుడూ 6 మెగావాట్ల కరెంటు కావాలి అనుకుని లెక్కేద్దాం, ఎనిమిది గంటలు ఆగితే 48 మెగావాట్-అవర్లు. ఇందులో ఫ్యోర్డ్‌లోకి వచ్చి పోవడానికి పట్టేది కలపలేదు. గుడ్‌వాంగెన్ డాక్ లాంటివి ఇరవై వరసగా పెట్టాలి, అది కూడా ఒక్క షిప్పుకి, ఒక్కరోజుకి. రెండొందల యాభై మంది ఊరి లైనుకి అది మోయలేని బరువు.

సరే, అయితే కుదరదు అని వదిలెయ్యాలా అంటే హావిలా వచ్చి మధ్యలో నిలబడుతుంది. బెర్గెన్ నుంచి ఉత్తరాన కిర్కెనెస్ దాకా తీరం వెంబడి తిరిగే షిప్పుల్లో హావిలా కంపెనీవి కొన్ని, ఒక్కోదాంట్లో 6.1 మెగావాట్-అవర్ బ్యాటరీ ఉంది, గ్యాస్ ఇంజను ఆపేసి నాలుగు గంటల దాకా బ్యాటరీ మీద పోగలవు. 2022 జూన్‌లో హావిలా కాస్టర్ అలాగే గైరాంగర్‌ఫ్యోర్డ్‌లోకి పోయి వచ్చింది. ఈ షిప్పులు పదివేల హద్దుకి పైన ఉన్నవే, అంటే రూల్ ప్రకారం వాటికి 2032 దాకా టైమ్ ఉంది. అయినా ముందే చేసి చూపించారు. గడువు పెంచినప్పుడు ఎక్కువ మంటెక్కింది ఇలాంటి కంపెనీలకే, మేం 2018 మాట నమ్మి డబ్బు పెట్టాం, పెట్టనివాళ్లకి ఆరేళ్లు బహుమానం ఇచ్చారు అని. నాకైతే ఈ కంప్లయింట్‌లో బలం ఉందనిపిస్తుంది, అయితే ఒకటి చూడాలి, హావిలా షిప్పు నాలుగు గంటలు నడిచేది ఆరొందల మందికి సరిపోయే సైజులో, మూడు వేల మంది షిప్పుకి అదే లెక్క పనిచెయ్యదు.

ఎవరి వాదన ఎక్కడ నిలబడుతుంది

గడువు వద్దు అనేవాళ్ల మాట ముందు విందాం, ఎందుకంటే బయటివాళ్లు దాన్ని లాభాపేక్ష అని తేలిగ్గా కొట్టిపారేస్తారు. వాళ్ల పాయింటు ఇది: పెద్ద షిప్పుల్ని గైరాంగర్‌ఫ్యోర్డ్‌లోకి రానివ్వకపోతే ఆ జనం రావడం మానరు, షిప్పు ఓలెసున్‌లో ఆగుతుంది, అక్కణ్ణుంచి మూడు వేల మందిలో వెయ్యి మంది గైరాంగర్ చూస్తాం అంటారు. యాభై మందికి ఒక బస్సు అనుకుంటే ఇరవై డీజిల్ బస్సులు, రానూ పోనూ రెండొందల పైచిలుకు కిలోమీటర్లు, మధ్యలో ఒక ఫెర్రీ, ఆ తర్వాత పదకొండు హెయిర్‌పిన్ మలుపుల ఈగల్ రోడ్డు. నీళ్ల మీద పొగ తగ్గింది, రోడ్డు మీద పెరిగింది. ఊళ్లో జనం మాత్రం అంతే.

రెండోది, షిప్పులు పక్క ఫ్యోర్డులకి జరుగుతాయి. ఓల్డెన్, నూర్‌ఫ్యోర్డైడ్ లాంటి రేవులు రూల్‌లో లేవు, అక్కడ క్రూయిజులు ఎప్పట్నుంచో ఆగుతున్నాయి. ఐదు ఫ్యోర్డుల్లో గాలి శుభ్రపడితే ఆరోదాంట్లో చెడుతుందా అనేది న్యాయమైన ప్రశ్నే.

అటువైపు వాళ్లు చెప్పేది వేరు. గడువు లేకపోతే ఏ కంపెనీ కూడా తనంతట తాను మారదు, ఆంపేర్ వచ్చింది కూడా గవర్నమెంట్ టెండర్‌లో షరతు పెట్టింది కాబట్టే, ఇవాళ నార్వేలో పదుల సంఖ్యలో ఎలక్ట్రిక్ ఫెర్రీలు తిరుగుతున్నాయంటే దానికి మొదలు అక్కడే. ఈ ఐదు ఫ్యోర్డులు మొత్తం పరిశ్రమకి ఒక పరీక్ష, ఇక్కడ పాసయిన షిప్పు ఎక్కడైనా పాసవుతుంది. పైగా ప్రపంచ వారసత్వం అని బోర్డు పెట్టుకుని కింద పొగ వదిలితే ఆ బోర్డుకి అర్థమేంటి?

ఇద్దరూ మాట్లాడని మూడో సంగతి ఒకటుంది. జీరో ఎమిషన్ రూల్ పొగని ఆపుతుంది కానీ జనాన్ని ఆపదు. 2032లో మూడు వేల మంది ఉన్న షిప్పు ఏదో బయోగ్యాస్ మీద శుభ్రంగా వచ్చిందనుకోండి, కాలిబాటల మీద తొక్కిడి, టాయిలెట్ల ముందు లైను, అన్నీ యథాతథం. జనాన్ని తగ్గించాలంటే అది వేరే పద్ధతి, బెర్గెన్ నగరం చేసినట్టు. అక్కడ రోజుకి ఇంతమంది క్రూయిజ్ ప్రయాణికులే అని 8,000 దగ్గర హద్దు పెట్టుకున్నారు. చాలా వార్తల్లో ఈ రెండూ కలిపి రాసేస్తారు.

గేటు దగ్గర టికెట్ పెడితే అయిపోయేది కదా?

మన దగ్గరైతే వెంటనే వచ్చే ఆలోచన ఇదే, ఎంట్రన్స్‌లో కౌంటర్ పెట్టి మనిషికి ఇంత అని తీసుకుంటే సరి. నార్వేలో అది అంత సులువు కాదు. 1957 నాటి చట్టం ఒకటుంది, సాగుచేయని నేల మీద, కొండల్లో, అడవుల్లో, ఒడ్డున ఎవరైనా స్వేచ్ఛగా నడవొచ్చు, ఆ నేల ఎవరిదైనా సరే. ఇంటికి 150 మీటర్ల దూరం పాటిస్తే డేరా వేసుకుని ఒకేచోట రెండు రాత్రులు పర్మిషన్ అడక్కుండా పడుకోవచ్చు. అక్కడివాళ్లకి ఇది ప్రాణం లాంటి హక్కు, పిల్లలకి చిన్నప్పట్నుంచీ నేర్పిస్తారు. ఊళ్లో పదిమందీ వారాంతంలో కొండెక్కే కాలంలో ఈ చట్టానికి బాధ లేదు. లక్షలమంది ఒకే బాట మీద నడవడం మొదలుపెట్టాక, ఆ బాట బాగుచేసే ఖర్చు ఎవరిదని ప్రశ్న వచ్చింది.

అందుకని 2025లో పార్లమెంట్ ఇంకో దారి ఒప్పుకుంది, దీన్నే మనవాళ్లు టూరిస్ట్ టాక్స్ అంటున్నారు. దేశమంతా వేసే పన్ను కాదు ఇది. టూరిస్టుల ఒత్తిడి నిజంగా ఉందని చూపించగలిగిన మునిసిపాలిటీ పై నుంచి ఆమోదం తెచ్చుకుని రాత్రి బస మీద గరిష్ఠంగా 3 శాతం వసూలు చేయొచ్చు, క్రూయిజులూ దీని పరిధిలోకి వస్తాయి. ఆ డబ్బుని టాయిలెట్లు, బాటలు, పార్కింగ్ లాంటి టూరిస్టులకి అవసరమయ్యే పనులకే వాడాలి, బడి పైకప్పు కారుతోందని దానికి వాడకూడదు.

లెక్క చూడండి. రాత్రికి 2,000 క్రోనర్ల గది అయితే 3 శాతం అంటే 60 క్రోనర్లు, మన డబ్బుల్లో ఐదారొందలు. అక్కడ ఒక కాఫీ, ఒక బన్ను ఖర్చు. దీనికి భయపడి ట్రిప్పు మానుకునేవాళ్లు ఉండరు. అసలు చిక్కు వేరేచోట ఉంది, ఓలెసున్‌లో హోటల్ తీసుకుని బస్సులో గైరాంగర్ వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే మనిషి కడితే ఓలెసున్‌కి కడతాడు, టాయిలెట్ వాడింది మాత్రం గైరాంగర్‌లో. హోటలువాళ్లు అనేదీ ఇదే, రాత్రి ఉండి భోంచేసి ఊరికి డబ్బు తెచ్చిపెట్టే మా గెస్టుల మీద పన్ను, దారిన పోయేవాళ్లకి ఫ్రీ, ఇదేం న్యాయం అని.

టూరిస్టులు పోయాక అక్కడ ఉండటం

సెప్టెంబర్ అయ్యేసరికి షిప్పులు పలచబడతాయి, హోటళ్లు చాలావరకు మూతపడతాయి, సీజన్ కోసం వచ్చిన స్టాఫ్ వెళ్లిపోతారు. గైరాంగర్‌కి దక్షిణంగా కొండ మీదుగా పోయే 63 నంబరు రోడ్డు చలికాలం మొత్తం మంచుతో మూసేస్తారు. ఉత్తరం వైపు మిగిలేది ఈగల్ రోడ్డు ఒక్కటే, హిమపాతం భయం ఉంటే అది కూడా ఆపేస్తారు. 1955లో ఈ రోడ్డు తెరిచేదాకా చలికాలంలో ఊరికి పడవ తప్ప గతి లేదు. పెద్ద ఆస్పత్రి ఓలెసున్‌లో ఉంది, మామూలు రోజున రెండున్నర గంటల దారి, మధ్యలో ఎయిడ్స్‌డాల్ దగ్గర ఫెర్రీ ఎక్కాలి. ఆ ఫెర్రీ పది నిమిషాలే, కానీ గాలివానకి అది ఆగిన రోజున పది నిమిషాల దూరం చాలా పెద్దది.

వానల సంగతి చెప్పనే లేదు. బెర్గెన్‌లో ఏడాదికి 2,200 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, మన హైదరాబాద్‌లో ఎనిమిది వందల చిల్లర. లోపలి ఫ్యోర్డులకి వచ్చేసరికి కొండల చాటున వాన తగ్గుతుంది కానీ చలికాలం ఎండ కూడా తగ్గుతుంది, సూర్యుడు అంత కిందుగా తిరుగుతాడు కాబట్టి కొండ గోడ దాటి ఊళ్లో పడడు, కొన్ని పల్లెల్లో అలా నెలల తరబడి. ఉప్పునీరు, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం, ఈ రెండింటి వల్ల ఫ్యోర్డ్ మాత్రం చాలావరకు గడ్డకట్టదు, అందుకే అంత ఉత్తరాన కూడా ఏడాది పొడుగునా పడవ నడిచింది, మనుషులు ఉండగలిగారు.

ఉండగలిగారు అంటే ఎలా అనేది స్కాగెఫ్లో చూస్తే తెలుస్తుంది. నీటి నుంచి 250 మీటర్ల ఎత్తులో కొండ అంచు మీద ఒక పొలం, మేకలు, నాలుగు ఇళ్లు. పిల్లలు అంచు మీంచి పడిపోకుండా నడుముకి తాడు కట్టేవాళ్లంటారు, పన్ను వసూలు చేసేవాడు వస్తుంటే నిచ్చెన పైకి లాగేసేవాళ్లని కూడా ఒక కథ ఉంది, నిజమో కాదో గానీ వింటే ముచ్చటేస్తుంది. 1916లో ఖాళీ చేశారు. ఇప్పటి రాజు హారాల్డ్, రాణి సోన్యా 1993లో తమ పెళ్లి సిల్వర్ జూబ్లీ అక్కడే చేసుకున్నారు. ఎదురుగా సెవెన్ సిస్టర్స్ జలపాతం పక్కన ఉన్న క్నివ్స్‌ఫ్లో అయితే పైన వేలాడే బండ పడుతుందేమోనని అంతకు ముందే వదిలేశారు.

ఆ భయం ఉత్త పుకారు కాదు. ఇదే మునిసిపాలిటీ పరిధిలో ఓక్‌నెసెట్ అనే కొండవాలు ఉంది, పైన ఒక పగులు, కొన్ని చోట్ల ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతోంది. అది విరిగి ఫ్యోర్డ్‌లో పడితే లేచే అల హెల్లెసూల్ట్ అనే ఊరికి ఐదు నిమిషాల్లో, గైరాంగర్‌కి పది నిమిషాల్లో చేరుతుందని అంచనా. పక్క ఫ్యోర్డ్‌లో ఇలాంటిది జరిగింది కూడా, 1934 ఏప్రిల్ 7 తెల్లవారుజామున టాఫ్యోర్డ్‌లో కొండ విరిగి పడి 60 మీటర్లకి పైగా నీళ్లు లేచాయి, 40 మంది చనిపోయారు. అందుకే ఓక్‌నెసెట్ మీద రాడార్లు, జీపీఎస్‌లు, బోరుబావుల్లో సెన్సార్లు పెట్టి రాత్రీ పగలూ కాపలా కాస్తున్నారు. కొండ ఒక్కసారిగా పడదు, పడేముందు వేగం పెరుగుతుంది, ఆ పెరుగుదల పట్టుకుని ముందే జనాన్ని పైకి తరలించాలనేది ప్లాను.

ఈ సంగతి టూరిజం గొడవలోకి ఎందుకొస్తుందంటే, ఖాళీ చేయించాల్సింది చలికాలంలో అయితే 250 మందిని, జులైలో అయితే వాళ్లతోపాటు షిప్పుల నుంచి దిగినవాళ్లు, బస్సులవాళ్లు, డేరాల్లో ఉన్నవాళ్లు, అందరినీ. రోడ్లు మాత్రం అవే రెండు.

ఇంతకీ టికెట్ కొన్నవాళ్ల సంగతి

పదివేల టన్నేజ్ దాటిన పెద్ద షిప్పులో టికెట్ ఉంటే ఈ రూల్ వల్ల 2031 చివరిదాకా ఏమీ మారదు, గైరాంగర్ ప్రోగ్రామ్‌లో ఉంటే ఉంటుంది. వాతావరణం బాగాలేక కెప్టెన్ మార్చడం వేరే సంగతి, అది ముందూ ఉంది ఇప్పుడూ ఉంది. వంద మంది పట్టే ఎక్స్‌పెడిషన్ షిప్పు అయితే మాత్రం అది బ్యాటరీ మీదో బయోగ్యాస్ మీదో పోగలదో లేదో చూడాలి, పోలేకపోతే 2026 నుంచి ఆ ఐదు ఫ్యోర్డులు దానికి మూసినట్టే, కంపెనీ పక్క ఫ్యోర్డ్‌కి తీసుకెళ్తుంది. ఫ్లోమ్‌లో రైలు దిగి గుడ్‌వాంగెన్ బోటెక్కేవాళ్లకి తేడా ఒకటే తెలుస్తుంది, ఇంజను చప్పుడు లేకపోవడం, అది 2018 నుంచీ ఉన్నదే. కారేసుకుని పోయేవాళ్లకి ఈ రూల్స్ కంటే కొండలతోనే ఎక్కువ పని: 2024లో రాళ్లు పడుతున్నాయని ట్రోల్‌స్టిగెన్ రోడ్డుని సీజన్ మధ్యలో మూసేశారు, మళ్లీ 2025లోనే తెరిచారు.

2032 సంగతి ఇప్పుడే ఎవరూ గట్టిగా చెప్పలేరు. గడువు ఒకసారి జరిగింది కాబట్టి మళ్లీ జరుగుతుందని షిప్పు కంపెనీలు చూస్తుంటాయి, జరగదని నమ్మితే ఒడ్డున కరెంటు లైను పెద్దది చేయడానికి డబ్బు ఇప్పుడే పెట్టాలి, ఆ లైనుకి డబ్బు ఎవరు పెడతారన్నది ఇంకా తేలాల్సిన లెక్క.